నవ్వినవాళ్లు ఓడిపోయే ఆట

కరెంటు పోతే మా ఆట మొదలయ్యేది.

ఎనభైల చివరి మాట. ఖరగ్‌పూర్‌లో మలంచా రోడ్డు మీద ఒక ఇంటి ముందుగది అద్దెకు తీసుకుని దాదా కంప్యూటర్లు నేర్పే చోటు పెట్టాడు. రెండు మెషీన్లు, గోల చేసే ఒక ప్రింటరు, చెప్పులు బయట విడవమని బెంగాలీలో రాసిన ఒక అట్ట. దాదాను అందరూ దాదా, అంటే అన్న, అనే పిలిచేవారు, ఆయన కన్నా పెద్దవాళ్లు కూడా. నేను అక్కడే నేర్చుకుని, అక్కడే నేర్పడానికి కుదురుకున్నాను. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన తెలుగుపిల్లని, గూడ్సు బళ్లు నడిపే డ్రైవరు కూతుర్ని. మూడోవాడు వరంగల్ నుంచి ఇంజనీరింగు చదవడానికి వచ్చిన అబ్బాయి. సెలవురోజుల్లో సైకిలు మీద వచ్చి పిల్లలకు ప్రోగ్రాములు రాయడం చెప్పేవాడు. తెలుగు వినబడుతుందని, అమ్మ చేతి పప్పుచారు దొరుకుతుందని మా ఇంటికి అలవాటు పడ్డాడు.

కరెంటు పోయిందంటే నేర్చుకునే పిల్లలు ఇళ్లకు పోయేవారు. మేం ముగ్గురం అరుగు మీద చేరేవాళ్లం. ఆట నియమాలు దాదావి. ఒకరు ఏదైనా చిన్న ఇబ్బంది చెప్పాలి, ఎవరైనా చిటికెలో తీర్చగలిగేది. మిగిలినవాళ్లు దాన్ని కంప్యూటరు పెట్టి తీర్చాలి. ఎంత చుట్టు తిప్పి తీరిస్తే అంత గొప్ప. షరతు ఒక్కటే, నవ్వకూడదు. పైనుంచి ఆర్డరు వచ్చిన పని గురించి మాట్లాడుతున్నట్టు మాట్లాడాలి. ముందు నవ్వినవాళ్లు ఓడినట్టు. వాళ్లే లేచి వెళ్లి అందరికీ టీ పట్టుకురావాలి.

మా ముగ్గురి మధ్య నడిచేది సగం హిందీ, సగం ఇంగ్లీషు. తెలుగులో చెబుతున్నాను.

"నా కళ్లజోడు ఎక్కడ పెట్టానో మరిచిపోతున్నాను," అన్నాడు దాదా ఒకసారి.

"ఇంట్లో ఉన్న బల్లలకీ గూళ్లకీ కిటికీలకీ నంబర్లు వేద్దాం," అన్నాడు వరంగల్ అబ్బాయి. "కళ్లజోడు తీసిన ప్రతిసారీ ఏ నంబరు మీద పెట్టారో మెషీన్లో కొట్టాలి."

"కళ్లజోడు లేకుండా కీబోర్డు ఎలా కనబడుతుంది?"

"మెషీన్ దగ్గర ఇంకో కళ్లజోడు గొలుసుతో కట్టి ఉంచుతాం," అన్నాను నేను.

"గొలుసు ఎంత పొడుగు?"

"ఇల్లంతా తిరిగేంత. మొదటి కళ్లజోడు వెతకాలి కదా."

దాదా మూతి బిగించి కాసేపు తట్టుకున్నాడు. చివరకు భుజాలు ఊగిపోయాయి, లేచి టీకి వెళ్లాడు. ఇంకోసారి పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గరిటెకు తీగ కట్టి, ఆ తీగను మలంచా దాకా లాగి, ప్రింటరు మీద ఫలితం కొట్టించి, ఆ కాగితాన్ని రిక్షాలో మా అమ్మకు పంపించాం. కాగితం చేరేలోపు పప్పు చల్లారిపోతుందని, రిక్షాలో కుంపటి పెట్టాం.

నేను దాదాపు ఎప్పుడూ ఓడేదాన్ని కాదు. లోపలి చెంపను పళ్లతో నొక్కిపెట్టి ముఖం రాయిలా ఉంచడం నాకు బాగా చేతనైన విద్య. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పుడు నాకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

నాన్న డ్యూటీకి వేళంటూ ఉండేది కాదు. గూడ్సు బండి ఎప్పుడు తయారైతే అప్పుడే బయలుదేరాలి. క్వార్టర్లలో ఫోన్లు లేని రోజులు. ఇంజన్ల షెడ్డు ఆఫీసు నుంచి ఒక మనిషి సైకిలు మీద వచ్చి, డ్రైవరును గుమ్మంలో పిలిచి, ఫలానా బండికి రావాలని చెప్పి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. అతన్ని కాల్‌మేన్ అనేవారు. మా క్వార్టర్ల లైనుకు వచ్చే కాల్‌మేన్ నాకు మామ. చుట్టరికం ఏమీ లేదు. అక్కడి తెలుగువాళ్లందరికీ ఒకరికొకరు మామలూ అత్తలే. వాళ్ల తాత శ్రీకాకుళం వైపు నుంచి వర్క్‌షాపు పనికి వచ్చాడట. మామ సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. సంతకాల పుస్తకాన్ని ఆయిల్‌క్లాత్‌లో చుట్టి చంకలో పెట్టుకునేవాడు. నా చిన్నప్పుడు వానాకాలంలో నన్ను సైకిలు బారు మీద కూర్చోబెట్టుకుని బడి దగ్గర దింపి, మళ్లీ తన పిలుపులకు వెళ్లేవాడు. మిగతా కాల్‌మేన్లు గేటు ఊపి అరిచేవారు. మామ మాత్రం నాన్న లేచేదాకా మెల్లగా "బాబూ, బాబూ" అంటూనే ఉండేవాడు.

ఒక ఆదివారం దాదానూ వరంగల్ అబ్బాయినీ అమ్మ భోజనానికి పిలిచింది. తిన్నాక వరండాలో చాప మీద కూర్చున్నాం. నాన్న లోపల పడుకుని గురక పెడుతున్నాడు. "ఈయన్ని లేపడం కన్నా ఇంజన్ని లాగడం నయం. మొన్న పాపం ఆ కాల్‌మేనుకి గొంతు పోయింది," అంది అమ్మ.

"ఇదే ఈవేళ్టి లెక్క," అన్నాను నేను.

అవును, మొదలుపెట్టింది నేనే.

వరంగల్ అబ్బాయి సుద్దముక్క అడిగి తీసుకుని నేల మీద గీయడం మొదలుపెట్టాడు. అమ్మకు కూడా అర్థం కావాలని తెలుగులో చెబుతున్నాడు. షెడ్డులో ఒక పెద్ద కంప్యూటరు. దాన్నుంచి ప్రతి క్వార్టరుకూ ఒక తీగ. ప్రతి డ్రైవరు మంచం కింద ఒక గంట. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర సైకిలు ఆగింది. మామ లోపలికి వచ్చి, అమ్మను చూసి నాన్నను లేపమని సైగ చేశాడు. అమ్మ ఆయనకు గ్లాసుతో మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లింది. మామ వరండా మెట్టు మీద నిలబడి నీళ్లు తాగుతూ కిందనున్న బొమ్మను చూశాడు.

"ఏటి బాబూ అది?"

వరంగల్ అబ్బాయి తల ఎత్తి చూశాడు. ఆట మధ్యలో ఉన్నాడు. ముఖం కదపలేదు.

"డ్రైవర్లను లేపే మెషీన్. మంచం కింద గంట కొడ్తది. లేవకపోతే మంచం మీద బరువున్నదని స్ప్రింగు చెప్తది. అప్పుడు ఫ్యాన్ బంద్ అయితది."

"ఎండాకాలం అయితే అక్కడితో లేస్తారు," అన్నాను.

"చలికాలం లేవకపోతే?" అని, తెలుగు వింటే అర్థమయ్యే దాదా హిందీలో అడిగాడు.

"దోమతెర పైన బకెట్ ఉంటది. కప్పీతో కట్టి ఉంటది. వంగుతది. అయినా లేవకపోతే వంటింట్ల వాళ్ల ఆవిడకు వేరే గంట."

"మరి సంతకం?" అన్నాడు మామ. చాలా మెల్లగా అన్నాడు.

"అద్దం పలక మీద బొటనవేలు పెట్టాలె. ఎవరి వేలో మెషీనే గుర్తు పడ్తది. పుస్తకం అక్కర్లేదు."

మామ గ్లాసు కింద పెట్టాడు. చంకలో ఉన్న పుస్తకాన్ని ఇంకాస్త దగ్గరకు నొక్కుకున్నాడు. అది నేను చూశాను. కనుబొమలు దగ్గరకు వచ్చి, నోరు కొంచెం తెరుచుకుని, ఎవరైనా ఏదైనా అంటారేమోనని మా ముగ్గురి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. చివరగా నన్ను చూశాడు. నా వంతు వచ్చేసరికి నేను చెంప నొక్కిపెట్టి ఉన్నాను. దాదా పెదవులు అప్పటికే వణుకుతున్నాయి. ఇంకొక్క నిమిషం ఓపిక పడితే గెలుస్తాను.

"ఎప్పుడొస్తాది బాబూ అది?"

"శాంక్షన్ అయింది. ముందు మీ లైన్లనే పెడ్తరు."

అంతలో నాన్న కళ్లు నలుపుకుంటూ వచ్చి సంతకం పెట్టాడు. మామ పుస్తకం చుట్టుకుని, ఎప్పుడూ చెప్పినట్టు "బాబూ, బేగి రండి" అని కూడా అనకుండా సైకిలెక్కి వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరిగాక దాదా తన వంతు ఆడాడు. కంప్యూటరుకు చల్లటి గది కావాలి. చల్లటి గదికి కరెంటు కావాలి. కరెంటు పోతుంది కాబట్టి జనరేటరు కావాలి. జనరేటరు నడపడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఇంట్లో పడుకుని ఉంటాడు. "అతన్ని ఎవరు లేపుతారు?" అన్నాడు దాదా. "కాల్‌మేన్!" అని ఆయనే చెప్పి, ఆపుకోలేక చాప మీద దొర్లిపోయాడు. అందరం పడి పడి నవ్వాం. నేను గెలిచాను. గెలిచిన సంతోషంలో మామ ముఖం కాసేపు మరిచిపోయాను కూడా. డ్యూటీకి తయారవుతున్న నాన్న, "ఆ చివరి ముక్క వాడు కూడా విని ఉంటే బావుండేది," అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. రేపు వస్తాడు కదా, చెబుదాం అనుకున్నాను.

రేపు వచ్చాడు. నేను మలంచాలో ఉన్నాను. ఆ తర్వాత వచ్చినప్పుడు స్నానం చేస్తున్నాను. నిజం చెప్పాలంటే, ఆయన కోసం గేటు దగ్గర నిలబడాలని నాకు తోచలేదు. అది అంత పెద్ద సంగతని అనుకోలేదు.

మామే వచ్చాడు. ఒక మధ్యాహ్నం మలంచాలో మా గుమ్మం ముందు చెప్పులు విడిచి, ఉతికిన ఖాకీ చొక్కాతో నిలబడ్డాడు. లోపల పిల్లలున్నారు. నేను బయటికి వెళ్లాను.

"పాపా, ఇది నాలాటోడికి అబ్బుద్దా?" అన్నాడు.

"ఏది మామా?"

"కంపీటరు. నాను ఐదో క్లాసు సదివినాను. తెలుగు సదవగలను, హిందీ కూడబలుక్కుంటాను. ఆ మిసను దగ్గర ఒక మడిసన్నా ఉండాల గదా. సూసుకోడానికి. ఆ మడిసిని నానైతే ఏటని ఆలోసించినాను."

ఆయన్ని లోపలికి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కీబోర్డు వైపు చూసి, ముట్టుకోకుండా, "తెలుగు అచ్చరాలు నేవేటి?" అన్నాడు.

"మామా, అలాటి మిషనేదీ లేదు. రాదు. ఆరోజు మేం ఆడుకుంటున్నాం."

"ఆడుకోడమేటి?"

ఆట గురించి చెప్పాను. కళ్లజోడు గొలుసు చెప్పాను. ఉప్పు, రిక్షా, కుంపటి చెప్పాను. ఆరోజు మామ వెళ్లిపోయాక దాదా అన్న చివరి ముక్క కూడా చెప్పాను, జనరేటరు మనిషిని లేపడానికి కాల్‌మేన్ కావాలన్నది. చెబుతుంటే నాకే అది చప్పగా వినబడింది. మామ అంతా విన్నాడు. నవ్వలేదు.

"మంచిదానివి పాపా," అన్నాడు. "నాను బాధ పడతానని ఆ ముక్క ఇప్పుడు కలిపినావు."

"కలపలేదు మామా, ఒట్టు."

"మరి ఆరోజు ఎవులూ నవ్వనేదేటి?"

దాదాను పిలిచాను. దాదా చేతులు జోడించి, "మజాక్ థా భాయీ, సిర్ఫ్ మజాక్," అని, అది ఉట్టి వేళాకోళమని చెప్పాడు. మామ ఆయనకు నమస్కారం పెట్టి లేచాడు. వెళుతూ నాతో గొంతు తగ్గించి, "సెప్పకూడదని ఆర్డరు ఉంతాది. నాకు తెల్దేటి? నువ్వేటి సేస్తావు?" అన్నాడు.

అప్పట్లో గాలి కూడా అలాగే ఉండేది. కంప్యూటరు వస్తే ఉద్యోగాలు పోతాయని వర్క్‌షాపు గేటు దగ్గర యూనియన్ మీటింగుల్లో మైకు పెట్టి చెప్పేవారు. కలకత్తాలో టికెట్ల దగ్గర కంప్యూటర్లు వచ్చేశాయి. టికెట్లకు వచ్చినది తమకు రాదా అని కాల్‌మేన్ల భయం. మామ ఆఫీసులో పెద్ద గుమాస్తాను అడిగాడట. అతను ఏ ధ్యాసలో ఉన్నాడో, "అన్నీ వస్తాయి, ఏదీ ఆగదు," అన్నాడట. కాల్‌మేన్ల గదిలో బకెట్ మాట పాకిపోయింది. దోమతెర పైన నీళ్లు పోసే మిషను గురించి నాన్నను తోటి డ్రైవర్లు అడగసాగారు. నాన్న మొదట నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, ఆ తర్వాత నాతో మాట్లాడటం తగ్గించాడు. తనే మామను కూర్చోబెట్టి చెప్పి చూశాడు. "కూతురు మాట పడకుండా కాస్తన్నారు బాబు," అని మామ బయట అన్నాడట, మెచ్చుకోలుగా.

ఆ తర్వాత జరిగింది నేను ఆపలేకపోయాను. టాటానగర్ వైపు లైన్లో సాలవనాల మధ్య ఒక చిన్న స్టేషనుంది. అక్కడి పోర్టరు ఖరగ్‌పూర్ రావడానికి ఎప్పట్నుంచో తిరుగుతున్నాడు. ఇద్దరూ ఒప్పుకుంటే ఒకరి చోటుకు ఒకరు మారవచ్చు, దాన్ని మ్యూచువల్ అంటారు. ఖరగ్‌పూర్‌లో పని పోయేలోగా పని ఉన్న చోటుకు పోవాలని మామ ఒప్పేసుకున్నాడు. కాగితాలు అయిపోయాకే మాకు తెలిసింది. నాన్న ఆఫీసుకు పరిగెత్తాడు. అవతలి మనిషి అప్పటికే పెట్టెలు సర్దుకున్నాడు.

మామ భార్యను నేను అత్త అనేదాన్ని. గోల్‌బజార్ వెనక సందులో పొద్దున్నపూట ఇడ్లీలూ పెసరట్లూ వేసి అమ్మేది. వర్క్‌షాపుకు వెళ్లేవాళ్లు, చేపల బజారు కూలీలు ఆమె దగ్గరే తినేవారు. కూతురు రైల్వే తెలుగు బడిలో చదువుతోంది. ఆ అడవి స్టేషన్లో ఇడ్లీ కొనేవాళ్లూ లేరు, తెలుగు బడీ లేదు. అందుకని ఆమె కూతురుతో ఇక్కడే ఉండిపోయింది. మామ ఒక్కడే వెళ్లాడు.

ఆయన వెళ్లాక నేను ఆమె దగ్గరకు వెళ్లాను. మామ నమ్మకపోయినా ఆమెకైనా నిజం చెప్పాలనుకున్నాను. చెబితే నా బరువు తగ్గుతుందని కూడా అనుకున్నాను, ఆ సంగతి దాచుకోవడం ఎందుకు. ఆమె పెనం కడుగుతోంది. అంతా చెప్పాను, ఆట, షరతు, ఓడితే టీ తేవడం.

అత్త నమ్మింది. ఒక్క ప్రశ్న కూడా వేయకుండా నమ్మింది. అంతవరకూ ఎవరైనా నమ్మితే చాలని నేను ఎదురుచూశాను.

"అయితే మిసను నేదు," అంది.

"లేదు అత్తా."

"రాదు."

"రాదు."

పెనం పక్కన పెట్టి చెయ్యి తుడుచుకుంది. "మిసను వస్తాదంటే ఓర్సుకున్నాను. గవుర్మెంటు పని, మనవేటి సేస్తాం, అందరికీ వచ్చిన కష్టమే అనుకున్నాను. ఇప్పుడు నువ్వొచ్చి, నవ్వులాటకి అంటన్నావు. నవ్వులాటకి మా ఇల్లు రెండు సెక్కలైనాదా?"

"తప్పైపోయింది అత్తా."

"నాకెందుకు సెప్పినావే తల్లీ?" అంది, నిజంగా అర్థం కానట్టు. "నాను అలగే అనుకోనిద్దువు గదా."

ఆమె మళ్లీ పెనం అందుకుంది. కూతురు గుమ్మంలో లెక్కలు చేసుకుంటూ తల ఎత్తి నన్ను చూసి, మళ్లీ తల దించుకుంది. అత్త ఆ తర్వాత ఎప్పుడూ నన్ను తిట్టలేదు. వీధిలో కనబడితే పలకరించేది. ఆ పలకరింపు పక్కింటివాళ్లను పలకరించినట్టుండేది, అంతే.

మామ బదులు వచ్చిన కాల్‌మేన్ ఒడియా కుర్రవాడు. గేటు ఊపి, "డ్రైవర్ సాబ్!" అని అరిచేవాడు. నాన్న ఒక్క అరుపుకే లేచేవాడు. ఆ అరుపు వినబడిన ప్రతిసారీ నేను చేస్తున్న పని ఆపేదాన్ని. నాన్న కూడా నా వైపు చూసేవాడు.

వేసవి సెలవుల తర్వాత వరంగల్ అబ్బాయి తిరిగొచ్చాడు. జరిగింది చెబితే ముందు నవ్వాడు. ఇంకా ఆడుతున్నాననుకున్నాడు. నా ముఖం రాయిలా లేదని తర్వాత గమనించాడు. "ఇది ఆటే అని అప్పుడే నేనొక్కమాట అంటే అయిపోతుండె," అన్నాడు. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాడు. "పోదాం. పోయి కాళ్లు మొక్కుదాం," అన్నాడు.

ముగ్గురం ఒక ఆదివారం పాసింజరు ఎక్కాం. దాదా దారంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆ స్టేషనుకు ప్లాట్‌ఫారం కూడా సరిగ్గా లేదు, ఎర్రమట్టి మీదికి దూకాలి. మామ జెండా చుట్టుకుంటూ మమ్మల్ని చూసి, ఎవరో చుట్టాలు పెళ్లికి పిలవడానికి వచ్చినట్టు సంబరపడిపోయాడు. ఒంటిగది క్వార్టరులో అన్నం వండి, గుడ్లకూర చేశాడు. సాలాకుల విస్తళ్లలో వడ్డించాడు. మేం తినలేకపోతుంటే, "కారం ఎక్కువైనాదా?" అని మాటిమాటికీ అడిగాడు.

తిన్నాక వరంగల్ అబ్బాయి ఆయన ముందు నేల మీద కూర్చుని చెప్పాడు. నాకన్నా బాగా చెప్పాడు. ఏదీ దాచలేదు. శాంక్షన్ మాట తన నోటి నుంచి ఊరికే వచ్చిందన్నాడు. చెబుతూ చెబుతూ ఆయన కాళ్లు పట్టుకోబోయాడు.

మామ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఊరుకో బాబూ. సదువుకున్నోళ్లు, ఆర్డరు మీదున్నోళ్లు. మీరు సేసిందేటుంది?" ఆగి, కాస్త సంశయంగా అడిగాడు, "ఒక్కమాట సెప్పు. ఈ టేసనుకి వస్తాదా అది? ఇక్కడ గంట కొట్టేది నానే."

"రాదు," అన్నాడు వరంగల్ అబ్బాయి. "ఎన్నడూ రాదు. నా మీద ఒట్టు."

మామ ముఖం విప్పారింది. ఆయన అంతసేపూ విన్నదాంట్లో తీసుకున్నది ఆ ఒక్క మాటే. ఏదో లోపలి కబురు తెలిసినవాళ్లు ఇంత దూరం వచ్చి ఇక్కడికి ముప్పు లేదని చెప్పారని ఆయన అర్థం చేసుకున్నాడు. మేం క్షమించమని అడగడానికి వెళ్లి, ఆ అబద్ధానికే ఇంకో మేకు కొట్టి వచ్చాం. తిరుగు బండిలో దాదా, "మనం ఏం చెప్పినా ఆయనకు ఆర్డరులాగే వినబడుతుంది," అన్నాడు. చదువు పూర్తయి వెళ్లిపోయేదాకా వరంగల్ అబ్బాయి మళ్లీ ఆ ఆట ఆడలేదు. కరెంటు పోతే సైకిలెక్కి హాస్టలుకు వెళ్లిపోయేవాడు. నేనూ దాదా ఎప్పుడైనా మొదలుపెట్టినా మధ్యలోనే వదిలేసేవాళ్లం.

తొంభైలలో క్వార్టర్లకు ఒక్కొక్కటే ఫోన్లు వచ్చాయి. షెడ్డు నుంచి ఫోను చేసి డ్రైవర్లను పిలవడం మొదలైంది. ఏ బకెట్టూ లేదు, ఏ స్ప్రింగూ లేదు. మామూలు నల్ల ఫోను. కాల్‌మేన్లు పలచబడ్డారు. కొందర్ని యార్డులో వేశారు, కొందర్ని స్టోర్సులో సామాన్లు మోయడానికి పంపారు. వయసు మీద పడ్డవాళ్లకు అది కష్టమైంది. అప్పుడు లైన్లలో అందరూ మామ గురించి మాట్లాడుకున్నారు. "ఆడు ముందే కనిపెట్టీసినాడు," అన్నారు.

ఆ మాట మామ దాకా వెళ్లింది. ఒకసారి నేను పని మీద టాటానగర్ వెళుతుంటే బండి ఆ స్టేషన్లో ఆగింది. మామ కిటికీ దగ్గరకు టీ పట్టుకుని వచ్చాడు. జుట్టు నెరిసింది. పక్కనున్న స్టేషనుమాస్టరుకు నన్ను చూపించి, హిందీలో, "ఈ పాప మా డ్రైవరు బాబు కూతురు. ఈవిడే నాకు అందరికన్నా ముందు చెప్పింది. తర్వాత పైవాళ్లకు భయపడి మాట మార్చింది. నేను అర్థం చేసుకున్నాను," అన్నాడు. స్టేషనుమాస్టరు నన్ను మర్యాదగా చూశాడు. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. ఎన్నిసార్లు చెప్పినా ఆయన దగ్గర నా నిజం నిలబడలేదు. ఇప్పుడు చెబితే ఇంకొకరి ముందు ఆయన చిన్నబోతాడు. "అవును మామా," అన్నాను. ఆ టీ తాగాను. బండి కదిలాక కూడా ఆయన చెయ్యి ఊపుతూనే ఉన్నాడు.

మేం ఆయనకు చేసింది చెడో మంచో ఇప్పటికీ నాకు తేలలేదు. మా ఆట లేకపోతే ఫోన్లు వచ్చేదాకా ఆయన ఇంటిపట్టున ఉండేవాడే. ఆ ఏళ్లన్నీ కూతురు వారానికొకసారి తండ్రిని చూసింది, ఆయనకు రెస్టు దొరికిన వారంలోనే. ఫోన్లు వచ్చాయి కదా, చివరకు ఆయనకు మంచే జరిగింది కదా అని నాన్న ఒకసారి నన్ను ఓదార్చబోయాడు. ఆ ఓదార్పు తీసుకోవాలని ఎంత అనిపించిందో, తీసుకోవడానికి అంత సిగ్గేసింది.

మామ నాకు స్టేషన్లో టీ ఇచ్చిన తర్వాతి ఏడాది అత్త మలంచాకు వచ్చింది. వెంట కూతురు, కొత్త చుడీదార్‌లో, జడ వేసుకుని, నా భుజం దాటి ఎదిగిపోయి. మెట్రిక్ పాసయిందట. దాదా చోటు అప్పటికి రెండు గదులైంది, ఎక్కువ మెషీన్లు వచ్చాయి.

"దీనికి నేర్పుతావా?" అంది అత్త.

"నేర్పుతాను."

"బాగా నేర్పాల."

"బాగా నేర్పుతాను అత్తా."

అమ్మాయిని కూర్చోబెట్టి మెషీను ఎలా ఆన్ చేయాలో చూపించాను. ఆమె వేళ్లు తొందరగా కదిలాయి, తెలివైనది. పక్క బల్ల దగ్గర కుర్రాళ్లెవరో గుసగుసలాడుకుంటూ ఒకరినొకరు నవ్వించుకుంటున్నారు. అమ్మాయి అటు తిరిగి, తనూ నవ్వింది.

అత్త ఇంటికి పోలేదు. చెప్పులు విడిచి, గుమ్మం పక్కనున్న బెంచీ మీద సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "నువ్వెళ్లు అత్తా, నేను పంపిస్తాను," అన్నాను. తల అడ్డంగా ఊపింది. పాఠం అయ్యేదాకా అక్కడే కూర్చుని నన్ను చూస్తూ ఉంది. నేను ఆమెకు వీపు పెట్టి నిలబడి పాఠం చెప్పాను.